అక్కకు తెలుగు వచ్చేదాకా

అక్క పడిపోయిందన్న కబురు వచ్చేసరికి చెల్లెలు తన దర్జీ కొట్లో స్కూలు యూనిఫారాలకు గుడ్డ కత్తిరిస్తోంది. అక్క ఉండేది పరాయి దేశంలో. భర్త పోయిన కొత్తలో, ఇంకా వయసులో ఉండగానే, అక్కడి ఒక వృద్ధాశ్రమంలో బట్టలుతికే పనికి వెళ్ళింది. వెళ్ళినది అక్కడే పాతుకుపోయింది. ఉతుకుగది మొత్తానికి పెత్తందారు అయింది, ఆ దేశపు మనిషిగా కాగితాలు కూడా సంపాదించుకుంది. ఆ ఉతుకుగదిలోనే, తడి దుప్పట్ల బండి పక్కన కుప్పకూలిందట. మెదడులో నెత్తురు గడ్డ కట్టిందన్నారు.

చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. తల్లిని కడదాకా చూసుకుంది. తల్లి పోయాక కుట్టుమిషన్లే లోకంగా బతుకుతోంది. అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు. కొట్టు తాళాలు తన దగ్గర పనిచేసే ఆవిడ చేతిలో పెట్టి, తాత్కాలిక వీసా మీద విమానం ఎక్కింది. అక్క మాట పడిపోయిందని చెప్పారు కాబట్టి దారి పొడుగునా ఒకటే అనుకుంది: ప్రాణం దక్కితే చాలు, మాటదేముంది, మెల్లగా అదే వస్తుంది.

మాట నిజంగానే వచ్చింది. వచ్చింది మాత్రం తెలుగు కాదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ బొమ్మలు చూపిస్తుంటే అక్క ఒక్కొక్కటిగా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. కప్పు, తలుపు, పిల్లి, గొడుగు. అన్నీ ఆ దేశపు భాషలో. చుట్టూ ఉన్న నర్సులు చప్పట్లు కొట్టారు. ఏం చెప్పిందో తెలియకుండానే చెల్లెలు కూడా కొట్టింది. అందరూ వెళ్ళాక మంచం దగ్గరికి జరిగి, "అక్కా, నేనే. నన్నేమని పిలుస్తావో అను ఒకసారి" అంది. అక్క ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి. ఆ భాషలోనే ఏదో అని, ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

డాక్టరు ఫోనులో దుబాసీని పెట్టుకుని సంగతి చెప్పాడు. ఆ దేశంలో ఆసుపత్రులకూ ఆఫీసులకూ అలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. ఒక నంబరుకు ఫోను చేసి భాష పేరు చెబితే, ఎక్కడో కూర్చున్న మనిషి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతాడు. తెలుగుకు ఎప్పుడు చేసినా ఒక్క గొంతే పలికేది. నడివయసు మగ గొంతు, ఏ ఊరి యాసా అంటని గొంతు. రోజూ వాడే భాష ముందుగా తిరిగి రావడం మామూలేననీ, పుట్టు భాష తర్వాత రావచ్చనీ, రాకపోవచ్చనీ, వింటే అర్థమవుతోందో లేదో కూడా ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరు మాటగా ఆ గొంతు చెప్పింది.

అక్కది మామూలు నోరు కాదు. తాళి కట్టే వేళ పురోహితుడు ఒక్క క్షణం తడబడితే తనే మంత్రం అందించబోయిందని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. దారిన పోయే కాకిని ఆపి కబురు అడుగుతుందని తల్లి తిట్టేది. అలాంటి మనిషి నోట్లోంచి తెలుగంతా తుడిచిపెట్టుకుపోయిందంటే చెల్లెలు నమ్మలేకపోయింది. ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకుంది.

కొన్నాళ్ళకు ఆసుపత్రివాళ్ళు అక్కను ఇంటికి పంపేశారు. ఆ ఇల్లు మూడో అంతస్తులో. ఒక గది, వంటకు ఒక మూల, బస్సులు నిలిపే షెడ్డు కనిపించే కిటికీ ఒకటి. గోడ వెంట వేడినీళ్ళ గొట్టం పోతుంటుంది, దానిమీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ ఆరుతుంటుంది. అక్కకు కుడి చెయ్యి సరిగా లేవదు, కుడికాలు ఈడుస్తుంది. చెల్లెలు స్నానం చేయించేది, అన్నం కలిపి పెట్టేది, డాక్టరమ్మ చెప్పినట్టు ఆ చేతివేళ్ళు ఒక్కొక్కటే వంచి చాపించేది. ఆ చేసేదంతా తెలుగులో మాట్లాడుతూ చేసేది. అన్నం పెడుతూ అన్నం అంది. దువ్వెన చూపించి దువ్వెన అంది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ పాడుకున్నవి పాడింది. వీధిలో కొళాయి దగ్గర జరిగిన పోట్లాటలు, ఇద్దరు వైపులా తనే గొంతు మార్చి, మొత్తం ఆడి చూపించింది. అక్క ఒకప్పుడైతే పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు వింటున్నట్టే చూసి, ఆఖర్న ఆ భాషలో రెండు ముక్కలని కిటికీ వైపు తిరిగేది. నీళ్ళు కావాలా అంటే తల ఊపేది, కానీ గ్లాసు చూసి ఊపిందో మాట విని ఊపిందో తెలిసేది కాదు.

కింది అంతస్తులో తాళాల మిస్త్రీగా పనిచేసి మానేసిన ముసలాయన ఉండేవాడు. మధ్యాహ్నాలు కర్ర పొడుచుకుంటూ పైకి వచ్చి అక్క ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ ఆ భాషలో మాట్లాడుకునేవారు. ఆయన ఏదో అనేవాడు, అక్క ఎడంచెయ్యి ఊపుతూ ఏదో అనేది, ఇద్దరూ నవ్వేవారు. చెల్లెలు టీ పెట్టి ఇచ్చి, పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడేది. నవ్వే చోట తనూ నవ్వేది, ఒక క్షణం ఆలస్యంగా. నా రక్తం పంచుకు పుట్టింది నాతో మాట్లాడదు, ముక్కూ మొహం తెలియనివాడితో పకపకలా అనిపించేది. ఆయన వెళ్ళాక కప్పులు కాస్త గట్టిగానే కడిగేది.

వీధిలోకి వెళితే ఇంకో అవస్థ. కూరగాయల కొట్లో వేలు చూపించాలి. బస్సులో కాగితం మీద రాసుకున్న ఊరి పేరు చూపించాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తను మాట్లాడే తెలుగు గోడకు తగిలి తనకే తిరిగొచ్చేది. ఒకరోజు మెట్లు దిగుతూ తనలో తనే, "ఒసే, పాల పాకెట్టు మరిచిపోకు" అని పైకే అనుకుంది. ఒక మనిషి తనను పిలిచినట్టయింది. మెట్టు మీదే నిలబడిపోయింది.

వానపడుతున్న ఒక మధ్యాహ్నం అక్కకు జడ వేస్తోంది. ముఖం కనబడదు కాబట్టో, ఎలాగూ అర్థం కాదన్న ధైర్యమో, అప్పటిదాకా అనని మాట ఒకటి పైకి వచ్చేసింది.

"నీకు తెలుగు రావాలని నేను ఏడుస్తున్నది నీ కోసం కాదక్కా" అంది చెల్లెలు. "నీకిక్కడ నోటినిండా భాష ఉంది, పలకరించే మనుషులున్నారు. అమ్మ పోయాక నేను మిషనుతో మాట్లాడుకుంటున్నాను. కొట్లోకి వచ్చేవాళ్ళకి నేను టైలరమ్మని. నన్ను ఒసే అని పిలిచేది నువ్వొక్కదానివే. అది కూడా పోతే, ఇంక నేను ఎవరికేమవుతాను?"

అక్క కదలలేదు. కాసేపటికి ఆ భాషలో ఒకే ఒక్క మాట అంది. పొడవైన మాట కూడా కాదు. చెల్లెలు జడ చివర రబ్బరు చుట్టి, దువ్వెనలోని వెంట్రుకలు తీసి పారేసింది.

ఈలోగా వీసా గడువు దగ్గర పడింది. పొడిగించుకోవాలంటే వీసాల ఆఫీసుకు వెళ్ళాలి. యంత్రంలోంచి టోకెను చీటీ చించుకుని, నేలకు బిగించిన కుర్చీల్లో కూర్చుని, ఎర్రటి అంకెలు మారేదాకా తల ఎత్తి చూస్తుండాలి. ఎన్నో దేశాలవాళ్ళు అక్కడ. అందరి ఒళ్ళోనూ ప్లాస్టిక్ కవర్లు, అందరి ముఖాల్లోనూ పరీక్ష హాలు ముందు కూర్చున్నట్టు ఒకటే బెదురు. పసిపిల్ల ఒకతి ఏ భాషదో గాని, ఏడుపు మాత్రం అందరికీ అర్థమయ్యేలా ఏడుస్తోంది.

అద్దం వెనక ఉన్న అధికారిణి కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. ఫోను స్పీకరులో పెట్టి దుబాసీని పిలిచింది. ఆ గొంతు "నమస్కారమమ్మా, ఆవిడ అడిగింది ఉన్నదున్నట్టు చెబుతాను, మీరు చెప్పింది ఉన్నదున్నట్టు చెబుతాను" అనగానే చెల్లెలికి ఏడుపు ముంచుకొచ్చింది. తనను ఒక మనిషి అమ్మా అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

ఇంకా ఎందుకు ఉండాలనుకుంటున్నారని అధికారిణి అడిగింది. అక్క నోట మళ్ళీ తెలుగు వచ్చేదాకా అని చెల్లెలు చెప్పింది. రోగిని చూసుకోవడానికి సర్కారు తరఫున ఇంటికి మనిషి వస్తుందనీ, భాష తిరిగి రావడం కోసం వీసా పొడిగించే పద్ధతి తమకు లేదనీ, అయినా రోగి స్వయంగా వచ్చి ఈమె నాకు కావాలి అని చెబితే ఆలోచిస్తామనీ, ఆ కళ్ళజోడావిడ కటువుగా కాకుండానే చెప్పించింది. పని అయిపోయాక చెల్లెలు ఉండబట్టలేక, "భోజనం చేశారా బాబూ?" అని ఫోనును అడిగింది. "క్షమించండమ్మా, ఆఫీసు మాటలు తప్ప మాట్లాడకూడదు" అంది ఆ గొంతు. తర్వాత లైను తెగిపోయింది.

రోగి స్వయంగా రావాలన్నప్పటి నుంచి చెల్లెలికి ఒకటే తొందర పట్టుకుంది. అక్కకు అక్షరాలు దిద్దించినట్టు దిద్దించింది. "చెల్లెలు కావాలి అను. చె-ల్లె-లు." ముందు కూర్చుని నోరు పెద్దగా తెరిచి చూపించింది. పూటపూటకూ అదే. ఒకనాడు అన్నం మధ్యలో మళ్ళీ మొదలుపెట్టేసరికి అక్క ఎడంచేత్తో చెంచా విసిరికొట్టింది. అన్నం మెతుకులు గోడకంటుకున్నాయి. అక్క ఆ భాషలో గట్టిగా ఏదో అరిచి, తన అరుపుకు తనే బిత్తరపోయి, దుప్పటి కప్పుకుంది. చెల్లెలు గోడ తుడిచింది. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆఫీసువాళ్ళు పిలిచిన రోజున తాళాల మిస్త్రీ సాయం పట్టగా అక్కను చక్రాల కుర్చీలో ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఈసారి కౌంటరు దగ్గర కాదు, లోపల ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్ల మీద ఫోను, అటు కళ్ళజోడావిడ, ఇటు అక్కాచెల్లెళ్ళు. దుబాసీ లైనులోకి వచ్చాడు.

అధికారిణి అక్కనే చూస్తూ ప్రశ్న వేసింది. అక్క జవాబు మొదలుపెట్టింది. తడబడుతూ, ఆగుతూ, ఒక్కో మాట దొరకనప్పుడు ఎడంచేత్తో తొడ మీద కొట్టుకుంటూ, చాలాసేపు చెప్పింది. ఒకసారైనా చెల్లెలి వైపు చూడలేదు. అధికారిణి రాసుకోవడం ఆపేసింది. అక్క ముగించింది.

"చెప్పండి బాబూ, ఏమంది?" అంది చెల్లెలు.

"మీ అక్కగారు ఇలా అంటున్నారమ్మా" అన్నాడు దుబాసీ. "పొడిగింపు ఇవ్వొద్దు. నా చెల్లెల్ని ఇంటికి పంపించండి. ఆమె పొద్దస్తమానం నా ముందు కూర్చుని మాట్లాడుతుంది. మొదట్లో ఆ మాటలు నాకు చప్పుడుగా ఉండేవి. తర్వాత అర్థమవడం మొదలైంది. ఇప్పుడు అంతా అర్థమవుతుంది. జవాబు నా లోపల తయారవుతుంది గాని, నోట్లోకి వచ్చేసరికి ఈ భాష అయిపోతుంది. అర్థమవుతోందని తెలిస్తే ఆమె ఇంకా ఆశ పెట్టుకుంటుంది, ఇక్కడే ఉండిపోతుంది. అర్థం కానట్టు ఉంటే విసిగి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమెకు కొట్టు ఉంది. యూనిఫారాలు కుట్టే రోజులు వచ్చేశాయి. నా మూలంగా ఆమె పని చెడిపోకూడదు."

చెల్లెలు కుర్చీలో అటు తిరిగింది. అక్క నేలచూపులు చూస్తోంది.

"నాటకమా?" అంది చెల్లెలు మెల్లగా. "ఇన్నాళ్ళూ నాటకమాడావా? నేను కొళాయి దగ్గర పోట్లాట ఆడి చూపిస్తుంటే రాయిలా కూర్చున్నావే, అదంతా అర్థమయ్యేనా?"

అక్క నేలవైపే చూస్తూ ఆ భాషలో ఏదో గొణిగింది. దుబాసీ తెలుగులో చెప్పాడు: "అర్థమైందండీ. మీరు ఎదురింటావిడ గొంతు సరిగా చేయలేదు. ఆమె ఇంకా ముక్కుతో మాట్లాడుతుంది."

చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెంగుతో ముక్కు తుడుచుకుని ఫోను వైపు వంగింది. "బాబూ, ఒక్క మాట. మా అక్క నన్ను మీరు అనదు. అండీ అనదు. మీరలా చెబుతుంటే నాకు వేరే ఎవరో మాట్లాడుతున్నట్టుంది."

ఆయన తడబడ్డాడు. ఆ భాషలో నువ్వుకూ మీరుకూ ఒకటే మాట ఉంటుందనీ, మర్యాదకు మీరు అనడం తనకు అలవాటనీ చెప్పాడు. ఏం మాట్లాడుకుంటున్నారని అధికారిణి అడిగితే ఆమెకూ వివరించాడు. ఆమె కళ్ళజోడు తీసి మెడలో వదిలేసింది. గోడ గడియారం వైపు ఒకసారి చూసి, వీళ్ళిద్దరి బంధం ఎలాంటిదో తెలుసుకోవడం కూడా ఈ విచారణలో భాగమేననీ, కాసేపు మాట్లాడుకోనివ్వమనీ అంది.

అప్పుడు మాట్లాడుకున్నారు, అక్క పడిపోయాక మొట్టమొదటిసారి. అక్క ఆ భాషలో అనేది, ఫోనులోంచి మగ గొంతు అదే తెలుగులో అనేది. మొదట అలవాటు లేక నువ్వు అన్నది అతికించినట్టు అన్నాడు గాని, నాలుగు మాటలు దాటేసరికి ఆ నువ్వు సాఫీ అయింది.

"తాళాల మిస్త్రీతో పకపకా నవ్వుతావు. నాతో నవ్వడానికేం?" అని అడిగింది చెల్లెలు.

"అతనితో ఏముందే. మెట్ల దగ్గర బల్బు పోయింది, ఇంటాయన మార్చడు, రోజూ ఇద్దరం అదే తిట్టుకుంటాం. ఇన్నేళ్ళుగా ఆ బల్బు తప్ప మా మధ్య వేరే మాట లేదు."

చెల్లెలు ఆగింది. చెంగు కొస వేలికి చుట్టుకుంది. "వాన రోజు జడ వేస్తున్నప్పుడు నేనొక మాట అన్నాను. నువ్వేదో జవాబు చెప్పావు. ఒకే ఒక్క మాట. ఏమన్నావక్కా?"

అక్క ఈసారి తలెత్తి చెల్లెలి వైపు చూసింది. ఆ మాటే మళ్ళీ అంది, అదే తీరులో.

"నాకూ అంతేనే, అన్నాను" అంది ఫోనులో గొంతు.

తర్వాత అధికారిణి పనిలోకి వచ్చి, ఆఖరిసారిగా ఇద్దరినీ విడివిడిగా అడిగింది. అక్క చెల్లెల్ని పంపించేయమనే చెప్పింది. చెల్లెలు ఉంటాననే చెప్పింది. "యూనిఫారాలు ఎవరైనా కుడతారు" అంది. పిల్లలు చొక్కాలు లేకుండా బడికి పోరు కదా అని కూడా అంది. రెండు జవాబులూ రాసుకున్నాననీ, నిర్ణయం ఇంటికే తెలియజేస్తామనీ అధికారిణి చెప్పి, కాగితాలు సర్దుకుని బయటికి వెళ్ళింది. ఫోను ఇంకా బల్ల మీదే వెలుగుతోంది.

"ఉన్నారా బాబూ?" అంది చెల్లెలు.

"ఉన్నానమ్మా. పెట్టేయాలి." పెట్టేయలేదు. "నేనిలా అనకూడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగే మాట్లాడతాను నేను. జ్వరాలు, కోర్టులు, అద్దెలు. ఒక్క మాటా నాది కాదు. ఇంటికి వెళ్ళాక మాట్లాడడానికి మనిషి లేదు. ఇవాళ ఎవరినో ఏమే అన్నాను. ఆ మాట నోటితో అని చాలా ఏళ్ళయింది."

చెల్లెలు ఏదో అనబోయేలోగా లైను పోయింది. తర్వాత ఆమెకు ఆయనతో మాట్లాడే పని పడలేదు.

గడువు పొడిగించారు. అది కొద్దిపాటిదనీ, మరోసారి అడగడానికి వీల్లేదనీ తెలియజేశారు. ఆ సంగతి అక్కకు చెబితే పెదవి విరిచింది గాని, సాయంత్రం తనంతట తనే దువ్వెన అందించింది.

ఆ తర్వాత ఇంట్లో పద్ధతి మారింది. చెల్లెలు దిద్దించడం మానేసింది. మామూలుగా మాట్లాడేది, అక్క మామూలుగా ఆ భాషలో జవాబు చెప్పేది. అవును, కాదు, చాలు అన్నవి ముఖంలోనే తెలిసేవి. మిగతావి తెలియకుండానే జారిపోయేవి. ఒక్కోసారి అక్క చాలాసేపు, ఉత్సాహంగా, కళ్ళు తిప్పుతూ ఏదో చెప్పేది. అది పాత కబురేనని, అందులో అమ్మ ఉందని, తను కూడా ఉందని చెల్లెలికి అనిపించేది. కథ ఎటు పోతోందో మాత్రం పట్టు దొరికేది కాదు. "మళ్ళీ చెప్పు" అనేది. అక్క మళ్ళీ చెప్పేది. రెండోసారీ అంతే. చివరికి ఇద్దరూ ఊరుకుని బస్సుల షెడ్డు చూసేవారు. అర్థం కాదనుకున్నప్పటి కన్నా, అంతా అర్థమై జవాబు చేరకపోవడమే ఎక్కువ బాధగా ఉందని చెల్లెలికి ఆ రోజుల్లోనే తెలిసింది.

అక్కకు పెత్తనం చేసే బుద్ధి పోలేదు. చెల్లెలికి తనే ఆ భాష నేర్పడం మొదలుపెట్టింది. దారం చూపించి ఒక మాట, సూది చూపించి ఒక మాట. తప్పు పలికితే నుదురు కొట్టుకునేది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నప్పుడూ ఇలాగే కొట్టుకునేది. చెల్లెలు ఇంటి సామాన్ల పేర్లు కొన్ని, వంటింటి పనుల పేర్లు కొన్ని నేర్చుకుంది. అంతకుమించి ఎక్కలేదు. తెలుగు మాత్రం అక్క నోట ఒక్క ముక్క కూడా రాలేదు. నిద్రలో పలవరించినా ఆ భాషే.

గడువు ఇంక అయిపోతుందనగా, ఒంటరిగా ఉండలేదు కాబట్టి అక్క తను పనిచేసిన వృద్ధాశ్రమంలోనే చేరడానికి ఒప్పుకుంది. అక్కడ ఉతుకుగదిలో అందరి బట్టలూ కలిసిపోతాయి. అందుకని ప్రతి బట్టకూ లోపలి వైపు పేరున్న పట్టీ కుట్టాలి. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని అక్క లంగాలకు, స్వెట్టర్లకు, మేజోళ్ళకు, అన్నింటికీ పట్టీలు కుట్టింది. ఆ పట్టీ మీద అక్క పేరు ఆ దేశపు లిపిలో ఉంది. ఎటు తలో ఎటు కాలో తెలియని అక్షరాలు. మొదటిది తలకిందులుగా కుట్టేస్తే, అక్క చూసి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి పట్టీలు సరిగా లేవని పనివాళ్ళను తిట్టిన మనిషి. ప్రతి పట్టీనీ గోటితో లాగి చూసి, వదులుగా ఉన్నవి వెనక్కి ఇచ్చేసింది. చెల్లెలు మారు మాట్లాడకుండా విప్పి మళ్ళీ కుట్టింది.

బయలుదేరే రోజు ఆశ్రమం గదిలో అక్క మంచం మీద కూర్చుని ఉంది. కిటికీ అవతల ఉతుకుగది పొగగొట్టం కనిపిస్తోంది. చెల్లెలు చెప్పులు వేసుకుంటుంటే అక్క చాలా మాటలే చెప్పింది. వాటిలో తినడం అన్నదొకటి, కూర్చోవడం అన్నదొకటి చెల్లెలికి తెలిశాయి. మిగతావి ఏవో. నేను లేనని తినడం మానకు అందో, ఇంకొంచెం సేపు కూర్చోమందో. అడిగితే మళ్ళీ చెబుతుంది, మళ్ళీ తెలియదు.

"సరే అక్కా" అంది. ఒంగి అక్క తలను పొట్టకు అదుముకుని, వదిలి, వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఉండిపోతానేమో అని చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి యూనిఫారాల అదను దాటిపోయింది. వాడుకగా యూనిఫారాలు కుట్టించే బళ్ళలో ఒకటి వేరే దర్జీ దగ్గరికి పోయింది. కొట్లోకి వచ్చినవాళ్ళు అక్కకెలా ఉందని అడిగితే బాగానే ఉంది, మాట కూడా వచ్చింది అని చెప్పింది. ఏ మాట అని ఎవరూ అడగలేదు. అక్కతో ఫోనులో మాట్లాడుతూనే ఉంది. తను తెలుగులో చెబుతుంది, అక్క ఆ భాషలో చెబుతుంది. ఊరివాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

ఒక మధ్యాహ్నం మిషను మీద చొక్కా కాలరు తిప్పుతుంటే సూది విరిగింది. తన దగ్గర పనిచేసే ఆవిడను డబ్బాలోంచి ఇంకొకటి అందుకోమంది. ఆవిడ కదలకుండా చూస్తోంది.

"ఏంటమ్మా అన్నారు?" అంది ఆవిడ.

చెల్లెలు సూదికి ఆ దేశపు మాట వాడింది. తనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "సూది" అంది మళ్ళీ తెలుగులో. ఆవిడ అందించింది. చెల్లెలు సూది బిగించి, దారం ఎక్కించి, పెడలు మీద కాలు పెట్టింది. ఆ మాట మరోసారి లోలోపలే అనుకుని చూసింది. సరిగానే పలికినట్టుంది. చెబితే అక్క నుదురు కొట్టుకునేది కాదు.